పంకజం పేర ధార

చెంబు ఎవరు తోమారో గానీ అడుగున చింతపండు పిప్పి అట్లాగే ఉంది, ఇంట్లో అయితే ఇట్లా వదిలేదాన్నా, కానీ ఇది ఇల్లు కాదు, తిరుపతిలో సభ, ముందు వరసలో కచేరీ పెద్దలు, వెనక చొక్కాలకు గంజి పెట్టుకొచ్చిన కాలేజీ పిల్లలు, నా పక్క పీట మీద మా ఆయన, చిత్తూరు ప్లీడరు జయరావుగారు, పట్టు ఉత్తరీయం సర్దుకుంటున్నారు, బల్ల మీద మా పంకజాక్షి పటం, పెళ్ళినాటిది, అంతకు ముందు దానికి ఫొటో ఎవరు తీయించారు గనక, పోయిన కూతురి పేర ఏటా స్కాలర్‌షిప్పు, దానమంటే శాస్త్రప్రకారం జరగాలని ఆయన పట్టు, భార్య నీళ్ళు వదలందే దానం చెల్లదమ్మా అని పురోహితుడు నా చేతికి ఈ చెంబు ఇచ్చాడు.

ఎవరికి ఇస్తారో ఇప్పుడే చదివారు, మద్రాసు యూనివర్సిటీలో బి.ఏ. చదివే మగపిల్లలకు మాత్రమే అని, సరిగా వినలేదేమో అనుకున్నాను, కాదు, సరిగానే విన్నాను, బి.ఏ. అంటే పంకజం, రుబ్బురోలు దగ్గర నా వెనక చేరి, నాయనకి నువ్వొక మాట చెప్పుమా, మద్రాసుకు పోయి సదువుకుంటా, ఆడ అమ్మాయిలకూ హాస్టలుండాదంట, అంది, పిండి చేత్తోనే దాని చెంప నిమిరాను, చెప్పాను కూడా, జపానోళ్ళ బాంబులు పడతాయని పట్నం ఖాళీ చేసి జనం ఇట్లా వస్తా ఉంటే నీ కూతురు అట్లా పోతాదంటనా అని ఆయన నవ్వారు, ఆ ఏడే ఆయన తమ్ముడి కొడుకు మద్రాసులో చేరాడు, వాడి మీద పడని బాంబులు దీని మీదే పడేవి కాబోలు, నాయుడుపేట సంబంధం కుదిరింది, ఏడాది తిరక్కముందే పురిట్లో పోయింది, మంత్రసాని నా మొహం చూడకుండా బయటికొచ్చింది, దుప్పటి బయట పాదాలు, మెట్టెలు ఇంకా కొత్తవి, బిడ్డా దక్కలేదు, ఆనాడు ఏడవని మనిషి ఇందాక పటానికి దండ వేస్తూ అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నారు, నాకు ఒళ్ళు మండింది.

పొయ్యమ్మా అంటున్నాడు పురోహితుడు, మా ఆయన అరచెయ్యి చాచి ఉంది, కన్యాదానం నాడూ ఇదే చెయ్యి, ధార పొయ్యమ్మా అని ఇదే మాట, నీళ్ళు పడే ముందు పంకజం ఒక్కసారి తలెత్తి నన్ను చూసింది, పోశాను, అంతే, అది మాది కాకుండా పోయింది, ఏమే, పొయ్యి, అందరూ సూస్తా ఉండారు, ఆయన పళ్ళ బిగువున, ఆడపిల్లలకని రాయించండి, పోస్తా, అన్నాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది, నీకేం తెలుసు, ముందు పొయ్యి, ఇంటికి పోయినాక మాట్లాడదాం, ఇల్లు కొన్నా, పొలం అమ్మినా, కూతుర్ని ఇచ్చినా నన్నొక మాట అడిగిన మనిషి కాదు, అయినా ఇప్పుడు చెయ్యి చాచుకుని కూర్చున్నారు, పురోహితుడు మంత్రం ఆపేశాడు, పెద్దలు మెడలు సాచి చూస్తున్నారు, మణికట్టు లాగుతోంది, వంచితే అయిపోతుంది, చెంబును ఒళ్ళోకి తెచ్చుకుని రెండు చేతులా పట్టుకున్నాను, నేను వంచకపోతే ఇది దానం కాదు, ఆనాడు నేను వంచకపోయుంటే అదీ అయ్యేది కాదు.