ఉప్పు వదిలి వచ్చిన నీళ్ళు

ఊరి మంచినీళ్ళ చెరువులోకి భాస్కరరావు మోటారు దిగిన ఉదయం గట్టు మీద జనం చాలామందే ఉన్నారు. లావుపాటి పైపు చెరువులోంచి లేచి, గట్టు దాటి, ఆయన చేపల చెరువుల దాకా వెళ్ళింది. స్టార్టరు నొక్కినవాడు పాపారావు. ఆ చేపల చెరువులకి కాపలాదారు. బిందె చంకన పెట్టుకుని చూస్తున్న సూరమ్మకి మొగుడు.

"ఎవర్నడిగి పెట్టారండీ ఇది?" అంది సూరమ్మ.

పాపారావు తలెత్తలేదు. "పెద్దలు సరేనన్నారు. రేపు మీటింగులో అందరికీ చెబుతారు. నువ్వు నీళ్ళు ముంచుకుని ఇంటికెళ్ళు."

కొల్లేటికోట అవతల ఉన్న ఆ చిన్న లంకలో ఎటు చూసినా నీళ్ళే. తాగడానికి పనికొచ్చేవి మాత్రం ఆ ఒక్క చెరువులోవే. బోరు వేస్తే ఉప్పు. వేసవిలో పైనుంచి వచ్చే ఏరులు సన్నబడితే కొల్లేరు నీళ్ళు బయటికి పోయే ఉప్పుటేరు మీదుగా సముద్రం ఎగదన్నుకొస్తుంది. వానాకాలంలో చెరువు నింపుకుని, మళ్ళీ వాన పడేదాకా ఆ నీళ్ళనే కాపాడుకోవాలి. అందుకే ఆ గట్టు మీద ఎవరూ బట్టలు ఉతకరు, గేదెల్ని దింపరు. బియ్యం కడిగిన నీళ్ళు కూడా పారబొయ్యరు.

భాస్కరరావు ఏలూరులో ఉంటాడు. లంక చుట్టూ ఉన్న చెరువుల్లో సగం ఆయనవే, మిగతావి ఆయన కౌలుకి తీసుకున్నవి. నీళ్ళలో ఉప్పెక్కి చేప చచ్చి తేలిపోతోంది. దాన్ని బతికించడానికి ఆయనకి తీపి నీళ్ళు కావాలి.

మర్నాడు బడి ముందు మీటింగు పెట్టారు. ఊరి సంఘం పెద్ద ఎడ్విన్ మాట్లాడాడు. "మిగులు నీళ్ళే తీసుకుంటారు. బదులుగా బోరు వేసి ఫిల్టరు ప్లాంటు కట్టిస్తారు. కాదంటే చెరువుల్లో మనవాళ్ళకి పనుండదు. ఆలోచించుకోండి."

సూరమ్మ ఆ బళ్ళో మధ్యాహ్నం వంట చేస్తుంది. పప్పు ఉడికే వేళ పంతులమ్మ మానస చెప్పే పాఠాలు ఆమె చెవినపడుతూ ఉంటాయి. అలా విన్నదే ఒకటి ఆమెని లేపి నిలబెట్టింది.

"ఎండకి సముద్రంలో నీరు ఆవిరై లేస్తుందంటండి. లేచేటప్పుడు ఉప్పుని అక్కడే వదిలేస్తుందంట. మబ్బయి కొండల మీద కురిసి, ఏరై పారి మన దాకా వస్తుంది. అంత దూరం తిరిగి మంచినీళ్ళయి వచ్చింది మన దగ్గర ఆగేది ఈ చెరువులోనే. దీన్నీ ఆ ఉప్పెక్కిన చేపల చెరువుల్లో కలిపేస్తే, మళ్ళీ వాన పడేదాకా ఏం తాగుతాం? మిగులంటున్నారు. ఏ వేసవిలో మిగిలిందండి మనకి?"

"వంటింట్లో కూర్చుని చదువు చెబుతోంది," అన్నారెవరో. కొందరు నవ్వారు.

"ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు ఎడ్విన్.

చేతులన్నీ లేచాయి. పాపారావు చెయ్యి కూడా. పక్కింటి వీరరాఘవమ్మ చుట్టూ చూసి, ఆలస్యంగా ఎత్తింది. సూరమ్మ చెయ్యి మాత్రం లేవలేదు.

ఆమెతో మాట్లాడకూడదని పెద్దలు కట్టడి చేశారు. ఆమె వండితే పిల్లలు తినరని తల్లులు బడికొచ్చి చెప్పారు. మానస కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నా చేతుల్లో లేదండి," అంది. పని పోయింది. పాపారావు చేపల చెరువు గట్టు మీద కాపలా పాకలోనే పడుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు బియ్యం సంచి తెచ్చి గుమ్మంలో దించాడు.

"ఓ మాట ఒప్పేసుకుంటే పోయేది కదా," అన్నాడు.

"మీకు తెలీదా అది తప్పని?"

"తెలుసు. తెలిసి ఏం చెయ్యను?" అని వెళ్ళిపోయాడు.

సూరమ్మ ఒక్కదానికే వండుకునేది. సగం రోజులు అదీ లేదు. రేవులో ఆమె దిగితే మిగతావాళ్ళు మాటలు ఆపేసేవారు. తిట్టినా బాగుండుననిపించేది. తిడితే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. కోళ్ళతో మాట్లాడుతున్నానని గమనించిన సాయంత్రం ఆమెకి భయం వేసింది. సువార్త పుస్తకం తీసి, తన గొంతు తనకి వినపడేలా పైకి చదువుకుంది.

మోటారు మాత్రం ఆగలేదు.

ఎండలు ముదిరాయి. చెరువు అడుగున బురద కనపడింది. బదులుగా కట్టించిన ప్లాంటు నీళ్ళు ముందు చప్పగా వచ్చి, తర్వాత ఉప్పెక్కి, చివరికి మిషనే పాడైంది. బాగుచేసేవాళ్ళు రాలేదు. పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. ఊరు ఆ బోరు ఉప్పునీళ్ళే కాచుకుని తాగుతుంటే, పైపులోంచి ఆఖరి తీపి నీళ్ళు చేపలకి వెళుతున్నాయి.

ఒక మధ్యాహ్నం వీరరాఘవమ్మ అరుగెక్కింది. ఆమె కోడలు బాలింత.

"మాట్లాడొద్దన్నారని ఊరుకున్నాను, సూరమ్మా. ఊరుకుంటే దాహం తీరలేదు. ఏం చేద్దామో చెప్పు."

చాన్నాళ్ళకి మనిషి గొంతు సూరమ్మ పేరు పలికింది. ఆమె చాప తెచ్చి వేసింది.

సాయంత్రానికి అరుగు నిండింది. ఊరికి విడిగా ఉన్న పేట ఆడవాళ్ళూ, చేపలు పట్టేవాళ్ళ వలల వీధి ఆడవాళ్ళూ ఒకే చాప మీద కూర్చోవడం అదే మొదటిసారి.

"మోటారు ఆపిస్తే చెరువుల్లో పని పోదా?" అని అడిగింది రూబీ. ఆమె మొగుడిది మేత చల్లే పని.

"పోవచ్చు. పోదని నేను అబద్ధం చెప్పను," అంది సూరమ్మ. "కానీ వలెయ్యడానికీ మేత చల్లడానికీ ఆయనకి మనుషులు కావాలి కదా. అందరం ఒక్కటైతే అందర్నీ తీసెయ్యలేడు. ఒక్కొక్కళ్ళం విడిగా ఉంటే ఏమవుతుందో నన్ను చూశారుగా."

"అయితే మావాణ్ణి కూడా తెస్తాను," అంది రూబీ.

మర్నాడు ఎండ నడినెత్తికి రాకముందే పైపు చెరువులోంచి బయటికొచ్చింది. మోటారు చుట్టూ ఆడవాళ్ళు కూర్చున్నారు. భాస్కరరావు కారు దిగాడు. ఆయన మాట ఎప్పుడూ మెత్తనే.

"చేప పోతే మీరూ మేమూ అందరం పోతామమ్మా. అర్థం చేసుకోండి."

"మీ చేప పోతే నష్టం వస్తుందండి. మా బిడ్డ పోతే ఏం వస్తుందండి?" అంది వీరరాఘవమ్మ.

"పాపారావూ, పైపు దింపి మోటారెయ్యి," అన్నాడు భాస్కరరావు.

పాపారావు నాలుగడుగులు వేసి, కూర్చున్న ఆడవాళ్ళ దగ్గర ఆగిపోయాడు. పెళ్ళాం వంక చూశాడు. ఆమె పక్కకి జరగలేదు. అతను వెనక్కి తిరిగి, ఎవరి వైపూ వెళ్ళకుండా, గట్టు వెంబడి ఒక్కడే నడుచుకుంటూ పోయాడు. సూరమ్మ అతన్ని పిలవాలనుకుంది. మోటారు దగ్గర్నుంచి మాత్రం కదల్లేదు.

పోలీసులొచ్చి, మోటారు విరగ్గొట్టిందని సూరమ్మని జీపెక్కించారు. మోటారు అక్కడే, చెక్కు చెదరకుండా ఉంది.

స్టేషన్లో ఎస్సై కుర్చీ చూపించాడు. "మీ వెనక ఎవరున్నారమ్మా? ఏ పార్టీ?"

"ఇన్నాళ్ళూ నా ఇంట్లో మనిషి కూడా నా వెనక లేడండి."

బయట బిందెలు నేలకి తగిలిన చప్పుడు. ఒకటి కాదు, ఆగకుండా. ఎస్సై లేచి వరండాలోకి వెళ్ళాడు. ఎండలో, స్టేషను ముందు, ఖాళీ బిందెలు ముందు పెట్టుకుని జనం కూర్చుంటున్నారు. పడవల్లో కొందరు, ఆటోల్లో కొందరు వచ్చారు. పక్క లంక వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ చెరువులోనూ ఎవరిదో పైపు ఉంది. అందరి వెనక, తలవంచుకుని, ఎడ్విన్.

గుమ్మంలోంచి సూరమ్మ ఒక్కొక్క ముఖమే వెతికింది. పాపారావు లేడు. మళ్ళీ ఒకసారి చూసింది. లేడు.

"సరేనమ్మా, ఈవిడని వదిలేస్తాం. ఇక ఇళ్ళకి వెళ్ళండి," అన్నాడు ఎస్సై.

వీరరాఘవమ్మ కూర్చున్నచోటి నుంచే చెప్పింది. "సూరమ్మని మీరు వదలక తప్పదండి. మేమొచ్చింది చెరువు కోసం. మోటారు ఎత్తేసే దాకా ఇక్కణ్ణుంచి లేవం. పక్క లంకలోది కూడాను. ఈలోపు కాసిని మంచినీళ్ళుంటే ఇప్పించండి, పిల్లలున్నారు."

సూరమ్మ మెట్లు దిగింది. కళ్ళు తుడుచుకుంది. రూబీ తన బిందె ఒళ్ళోకి తీసుకుని చోటిచ్చింది. సూరమ్మ ఆ చోట్లో కూర్చుంది.