గడపను ఎవరూ కొలవలేదు

తొమ్మిదో తరగతిలో ఆ అమ్మాయిని అందరూ మేస్త్రి అంటారు. చక్రాల కుర్చీలోంచే అందరిచేతా పని చేయిస్తుందని వచ్చిన పేరది. నోరు ఊరుకోదు, కళ్ళు అసలే ఊరుకోవు. నల్లబల్ల కాస్త వంకరగా ఉన్నా సరే, ఆ మాట అనేదాకా పాఠం చెవికెక్కదు. అలాంటి పిల్లకు బళ్ళో ఒక్కచోట మాత్రం నోరు పడిపోయేది. సైన్సు గది ముందు.

ఆ గదికి మెట్లున్నాయి. ప్రయోగాల పీరియడు రాగానే కుర్చీని కిందే వదిలేసి, నిచ్చెన అని పిలిచే పొడుగుపిల్లా, ఇంకో పిల్లా కలిసి ఆమెను చేతులమీద మోసుకెళ్ళి లోపల ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టేవాళ్ళు. వాళ్ళ మనసు మంచిదే, కాదనలేం. కానీ గ్యాసు బండను మోసినట్టు మోస్తుంటే స్కర్టు సర్దుకోవడానికైనా చెయ్యి ఖాళీ ఉండేది కాదు. మేస్త్రి సిగ్గుతో చచ్చిపోయేది.

ఇంట్లో చెబితే, బట్టలు కుట్టే అమ్మ మిషను ఆపకుండానే అంది. "పోనీలేవే, పాపం ఆ పిల్లలు సాయం చేస్తున్నారుగా. సర్దుకుపో."

"ఎప్పుడూ నేనే సర్దుకోవాలా? ఆ మెట్లు సర్దుకోకూడదా?"

మిషను ఆగింది. మర్నాడు బడికి బయల్దేరేటప్పుడు అమ్మ తన కొలతల టేపు తెచ్చి కూతురి ఒళ్ళో పడేసింది.

ఆ ఏడాది టీచర్లంతా కూడబలుక్కుని పిల్లలకు ఒక పని అప్పగించారు. బడికి పనికొచ్చేది ఏదైనా తమ చేతుల్తో తయారు చెయ్యాలి, పాఠాలన్నీ అందులోనే నేర్చుకోవాలి. ఒకరు పూలకుండీల స్టాండన్నారు, ఒకరు చెప్పుల అర అన్నారు. మేస్త్రి చెయ్యెత్తి, "సైన్సు గదికి ఏటవాలు దారి" అంది. అందరూ దానికే చేతులెత్తారు.

"మెట్ల ఎత్తెంతో దానికి పన్నెండింతలు పొడవుండాలి. తగ్గిందో, కొండెక్కినట్టే!" అన్నాడు లెక్కల మాస్టారు. సైన్సు టీచరమ్మ ఇటుకల బండికి స్ప్రింగు త్రాసు తగిలించి లాగించి, వాలు తగ్గేకొద్దీ లాగే బలం ఎలా తగ్గుతుందో పిల్లల చేతులకే తెలిసేలా చేసింది. సోషల్ మాస్టారు ఆవరణ పటం గీయించాడు. తెలుగు టీచరమ్మ హెడ్మాస్టరుకు అర్జీ రాయించింది. మేస్త్రి రాసినదాంట్లో 'దయచేసి' అన్న మాట లేదని వెనక్కి కొట్టింది. మళ్ళీ రాసినా లేదు. చివరికి ఆ మాట టీచరమ్మే ఇరికించింది.

హెడ్మాస్టరు సంతకం పెడుతూ ఒక మెలిక పెట్టాడు. "ప్రాక్టికల్ పరీక్షనాటికి ఆ అమ్మాయి తనంతట తను లోపలికి వెళ్ళగలగాలి. లేదంటే విప్పెయ్యాల్సిందే. నడిచేవాళ్ళకు అడ్డం."

ఇక చూడాలి పిల్లల హడావిడి! చెక్కలు కోసేవాళ్ళు కోశారు, మేకులు కొట్టేవాళ్ళు వేళ్ళమీద కూడా కొట్టుకున్నారు. మేస్త్రి ప్రతి చెక్కా కొలిచి, నచ్చనిది వెనక్కి పంపింది. పరీక్షకు ఇంకా రెండ్రోజులుండగా దారి సిద్ధమైంది.

బడంతా చుట్టూ మూగింది. మేస్త్రి చక్రాలు పట్టుకుని నెట్టుకుంటూ ఎక్కింది. చెక్క కిర్రుమనలేదు. కుర్చీ వెనక్కి జారలేదు. చప్పట్లు మొదలయ్యాయి. గుమ్మం దగ్గర ముందు చక్రాలు ఠక్కున ఆగాయి. ఇంకాస్త గట్టిగా నెట్టింది. కుర్చీ కదల్లేదు.

గడప!

"అయ్యో నా మతి మండ!" అని లెక్కల మాస్టారు నెత్తి కొట్టుకున్నాడు.

"మెట్లు కొలవమన్నారు, మెట్లే కొలిచాం. గడప మెట్టు కాదుగా సార్?" అంది నిచ్చెన బిక్కమొహంతో.

నిజమే మరి. రోజూ దాటే గడపను ఎవరు చూస్తారు? కాళ్ళు వాటంతటవే దాటేస్తాయి. కానీ మేస్త్రికి కోపం వాళ్ళమీద కాదు, తనమీదే వచ్చింది. వంకలన్నీ వెతికే తన కళ్ళకు ఇదెందుకు కనపడలేదు? ఎలా కనపడుతుంది! ఆ గడపను తను ఎప్పుడూ గాల్లోనే దాటింది.

"బెత్తెడేగా! ఒక పట్టు పట్టి లోపల పెట్టేయండమ్మా" అన్నాడు హెడ్మాస్టరు. నిచ్చెన చేతులు చాచి ముందుకొచ్చింది.

"ముట్టుకున్నావంటే చూడు!"

"బెత్తెడే కదే, ఎందుకంత పంతం?"

"దాటడం వేరు, దాటించడం వేరు." మేస్త్రికి ఏడుపొస్తోంది, మింగేసింది. "ఎల్లుండి దాకా టైముందిగా సార్. అప్పుడే విప్పమనకండి."

కుర్చీలోంచే వంగి, అమ్మ టేపుతో గడప ఎత్తు కొలిచింది. దారి మొత్తం ఆ మేరకు లేవాలి. అవతల దిగడానికి గది లోపల ఇంకో చిన్న వాలుండాలి. లేచిన ప్రతి వేలికీ పన్నెండు వేళ్ళ పొడవు. పటం తెచ్చి పరిచారు. నిచ్చెన స్కేలు పెట్టి గీత గీసుకుంటూ వెళ్ళి, చివరికొచ్చేసరికి నాలుక కరుచుకుంది. దారి చివర సరిగ్గా హెడ్మాస్టరు స్కూటరు పెట్టుకునే చోట పడింది.

మేస్త్రి తలెత్తి చూసింది.

"సార్, దయచేసి స్కూటరు తీయించండి."

తెలుగు టీచరమ్మ నవ్వాపుకోలేక అటు తిరిగింది. హెడ్మాస్టరు ఒకసారి గడపనూ ఒకసారి మేస్త్రినీ చూసి, జేబులో తాళంచెవి వెతుక్కున్నాడు.

పరీక్షరోజు పొద్దున బళ్ళో ఇంకా రంపపు పొట్టు వాసన పోలేదు. అమ్మ గేటు దగ్గరే నిలబడిపోయింది. మేస్త్రి ఎక్కింది, గడప మీదుగా వెళ్ళింది, లోపలి వాలు దిగింది. చక్రాలు మొదటిసారి సైన్సు గది నేలమీద తిరిగాయి. ఆ సంబరంతో నేరుగా ప్రయోగాల బల్ల దాకా పోయి ఆగింది.

బల్ల అంచు ఆమె గడ్డం దగ్గరుంది. ఇన్నాళ్ళూ స్టూలు మీదనుంచి చూసిన బల్ల ఇది. దానిమీదున్న గాజుసామాను ఒక్కటీ చేతికి అందడం లేదు.

నిచ్చెన అలవాటుకొద్దీ గబగబా స్టూలు లాగి, ఎత్తడానికి చేతులు చాచింది. అంతలో ఏమనుకుందో, స్టూలును కాలితో పక్కకు నెట్టేసి, మేస్త్రి ఒళ్ళోంచి టేపు తీసుకుని బల్ల పక్కన మోకాళ్ళమీద కూర్చుంది.

"చెప్పు మేస్త్రీ, ఎంత దించమంటావు?"