మిల్లు గేటు ముందు ఉస్తాద్

1946 ఎండాకాలంలో చిత్తూరు శెనక్కాయల మిల్లు యజమాని హిదాయతుల్లాను పిలిపించాడు. హిదాయతుల్లా ఒకప్పుడు వేలూరు దాకా పేరుమోసిన పహిల్వాను. వయసు మళ్లాక తాలింఖానాలో కుస్తీ నేర్పుతూ ఊరందరికీ ఉస్తాద్ అయ్యాడు. ఆ తాలింఖానా కట్టించింది ఈ యజమానే.

"గేటుకాడ ఆడోళ్లు కూసోని ఉండారు. నీ శిష్యుల్ని పదిమందిని పంపించి లేపించు," అన్నాడాయన.

హిదాయతుల్లా ముందు తానే చూద్దామని వెళ్లాడు. మండే ఎండలో నలభై మంది కూలీ ఆడవాళ్లు. మధ్యలో మునిరత్నమ్మ, కుడిచేతికి గుడ్డ చుట్టుకుని. కాయలు ఒలిచే మిషన్లో పడి మూడు వేళ్లు పోయాయి. ఇక పనికిరావని మరునాడే ఆమెను వెళ్లగొట్టారు. ఆమెను మళ్లీ పనిలో పెట్టుకునేదాకా లేవమని అందరూ కూర్చున్నారు.

"మాతో కుస్తీ పట్టను వచ్చినావా, సాయిబన్నా?" అని అడిగిందామె.

అతను ఆమె చేతి గుడ్డకేసి చూసి వెనుదిరిగాడు. యజమాని దగ్గరికి తిరిగి వెళ్లి, "నా శిష్యులు రారు," అని మాత్రం చెప్పాడు.

యజమాని వాదించలేదు. నేరుగా దేవరాజులుకు కబురు పెట్టాడు. హిదాయతుల్లా కన్నకొడుకులా చూసుకుని తయారుచేసిన పహిల్వాను అతను.

సంగతి తెలిసి, తెల్లారేసరికి హిదాయతుల్లా ఆడవాళ్లకు ముందు వరసలో కూర్చున్నాడు. కాసేపటికి కర్రలతో పదిమంది వచ్చారు. అందరూ తన చేతులమీద పెరిగినవాళ్లే.

"పక్కకు జరగండి ఉస్తాద్," అన్నాడు దేవరాజులు.

హిదాయతుల్లా లేచి చొక్కా విప్పాడు. "నన్ను పడేసి పోండప్పా."

అందరూ చూస్తున్నారు. గేటు లోపల యజమాని కూడా. దేవరాజులు కర్ర పారేసి మీదికి వచ్చాడు. ఉస్తాద్ పట్టు ఎప్పటిలాగే బిగువుగా ఉంది, కాళ్లలోనే సత్తువ లేదు. దేవరాజులు అతని నడుము పట్టి ఎత్తి పడేశాడు. మోకాలు ఫట్‌మంది. హిదాయతుల్లా పళ్లు బిగబట్టి, లేవలేక, ఆ నేలమీదే దోవకు అడ్డంగా పాకి పడుకున్నాడు.

"ఇంక దాటు," అన్నాడు.

ఎవరూ దాటలేదు. వెనక ఒక కర్ర కిందపడింది. తర్వాత ఇంకొకటి. దేవరాజులు ముఖం కప్పుకుని వెళ్లిపోయాడు.

అయిదో రోజు మునిరత్నమ్మను తూకం దగ్గర పనిలో పెట్టుకున్నారు. తాలింఖానాకు మాత్రం తాళం పడింది. హిదాయతుల్లా మళ్లీ కుస్తీ మట్టిలోకి దిగలేదు. కూలీలు సంఘం పెట్టి అతన్నే అధ్యక్షుణ్ణి చేశారు. ఏడాది తిరక్కుండా వచ్చిన మునిసిపల్ ఎన్నికల్లో నిలబెట్టారు. ఆస్తో చదువో ఉంటేనే ఓటు ఉన్న రోజులవి, వాళ్లలో చాలామందికి ఓటే లేదు. అయినా ఇంటింటికీ తిరిగి అడిగారు. చేతికర్ర ఊతంగా అతనూ తిరిగాడు. పదకొండు ఓట్లతో గెలిచాడు.

ఆ సాయంత్రం వీధి చివర దేవరాజులు నిలబడి ఉండటం చూశాడు. దగ్గరికి రాలేక, వెళ్లలేక తచ్చాడుతున్నాడు.

"ఏమప్పా, ఆడనే నిలబడుకున్నావు? సంఘంలో మనుషులు సాల్లేదు. రా," అని కేకేశాడు హిదాయతుల్లా.