గాలికి భయపడే గడ్డి

నేను ఒక గడ్డి దుబ్బును. గాలంటే భయపడే గడ్డిని. మీరు నవ్వవచ్చు. గడ్డికి గాలితో పేచీ ఏమిటి, వంగి మళ్లీ లేస్తుంది కదా అంటారు. మా పూర్వీకులు అలాగే లేచేవారట. నాకు ఆ శక్తి లేకుండా చేశారు.

మాది ఏనుగు గడ్డి జాతి. తల్లి కాండాన్ని రెండేసి కణుపుల ముక్కలుగా నరికి పాతితే ఒక్కో ముక్కా ఒక దుబ్బవుతుంది. మా ఇంట్లో పుట్టుక అంటేనే కోత. నన్ను నరికినప్పుడు నా పక్క ముక్క ఏ మడికి పోయిందో ఇప్పటికీ తెలియదు. మొదటి వారమంతా వేళ్లు చాపి దానికోసం వెతికాను. రాళ్లు తగిలాయి.

మా తల్లి పుట్టింది గాజు సీసాలో. కాండాన్ని గట్టిగా నిలబెట్టే పదార్థం ఒకటుంది, లిగ్నిన్ అంటారు. గడ్డి నుంచి బండ్లకు ఇంధనం తీయాలనుకున్న మనుషులకు అదే అడ్డు. ఇంధనంగా మారాల్సిన లోపలి చక్కెరను ఒక పట్టాన వదలనివ్వదు. అందుకని దాన్ని తయారుచేసే జన్యువు నోరు నొక్కారు. తమ పిల్లలకు నిటారుగా నిలబడమని చెప్పే మనుషులు మమ్మల్ని మాత్రం మెత్తగా పుట్టించారు.

పరిశోధన క్షేత్రంలో, వలకంచె వేసిన మడిలో, మమ్మల్ని నలభై దుబ్బుల వరసగా నాటింది అక్కడ కూలికొచ్చే చంద్రవ్వ. పక్కన నిలబడి చూసింది శాస్త్రవేత్త సుభాషిణి.

"చంద్రవ్వా, వానాకాలం గాలికి ఈ వరస తనంతట తాను నిలబడాలి. నిలబడితే దీని ముక్కలు రైతుల పొలాలకు పోతాయి. పడితే అంతా పీకి కాల్చేయాల్సిందే."

"పోయినేడు వరస గూడ గట్లనే కాలవెడితిరి మేడం," అంది చంద్రవ్వ. "నా చేతులతోనే వెట్టిన. నా చేతులతోనే పీకిన."

ఆ మాట విన్నాక ఆకు కదిలితే చాలు, నా కణుపులన్నీ బిగుసుకునేవి. మనిషెత్తు దాటి పెరిగాను. ఎత్తు పెరిగిన కొద్దీ భయం పెరిగింది.

ఒక మధ్యాహ్నం పడమట మబ్బు నల్లబడింది. సుభాషిణి ఊళ్లో లేదు. చంద్రవ్వ వెదురు గుంజలు చంకన పెట్టుకుని, సుతిలి తాడు ఉండతో వచ్చింది. గేటు దగ్గరి కాపలాదారు మొగులయ్య చూశాడు.

"గడ్డికి గుంజలు పాతుతున్నవా అక్కా? చలి పెడ్తదేమో, దుప్పటి గూడ కప్పు."

"నీ నోటికి ముందు గుంజ పాతాలె. జరుగు."

ఇరవై దుబ్బులకు గుంజలు సరిపోయాయి. నేను పంతొమ్మిదోదాన్ని. గాలి వచ్చింది. అవతలి ఇరవై ఒకదాని మీద ఒకటి వాలిపోతుంటే విరిగిన చప్పుడైనా రాలేదు. తడిగుడ్డ జారినట్టు జారిపోయాయి. నేను తాడును పట్టుకుని వేలాడాను.

మర్నాడు పొద్దున్నే చంద్రవ్వ ముళ్లు విప్పి గుంజలు దాచేసింది. సుభాషిణి వచ్చి, నిలబడి ఉన్న మమ్మల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. "సగం నిలిచాయి," అని పుస్తకంలో రాసుకుంది. బతికాననుకోవాలి కదా. నాకు ఇంకో భయం పట్టుకుంది. రేపు నన్ను ముక్కలు చేసి ఎక్కడెక్కడో పాతుతారు. అక్కడ నన్ను కట్టేదెవరు?

సుభాషిణి నా కాండం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఆగిపోయింది. తాడు కోసుకుపోయిన గాడి నా చుట్టూ లోతుగా ఉంది. గట్టి గడ్డి అయితే ఆ గుర్తు అంతగా పడేది కాదు.

"కట్టావా, చంద్రవ్వా?"

"కట్టిన మేడం."

"కట్టకూడదని తెలుసు కదా?"

"ఎరుకే. ఇవన్న నా చేతులల్ల మిగులుతయనుకున్న."

సుభాషిణి పుస్తకం తెరిచి ఆ పేజీ కొట్టేసింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదేమో.

"పీకడానికి వేరేవాళ్లను పిలవనా?"

"వద్దు. నేనే పీకుత. ఎరుకున్న చెయ్యైతే నయం."

నా వేళ్లు ఆ సాయంత్రమే మంటల్లోకి పోయాయి. కాండాలను మాత్రం, చక్కెర ఎంత త్వరగా వదులుతాయో చూడడానికి, గోనెసంచుల్లో నింపి ప్రయోగశాల వరండాలో పెట్టారు. లోపల మొదటి సంచిని దంచి ఏదో రసం పోశారట. మామూలు గడ్డి మూడు రోజులు తీసుకునే చోట మావాళ్లు సగం పూటలో కరిగిపోయారట. నిలబడనందుకు కాల్చినవారే కరిగినందుకు చప్పట్లు కొట్టారు. సుభాషిణి చప్పట్లు మాత్రం నాకు వినిపించలేదు.

ఇప్పుడే నా ముందున్న సంచిని లోపలికి తీసుకెళ్లారు. యంత్రం తిరుగుతోంది. పట్టుకుని ఉండడానికి నాలో ఏమీ మిగల్చలేదు వీళ్లు. భయం మాత్రం గట్టిగానే ఉంది. దాని జన్యువు ఎక్కడుందో ఇంకా కనుక్కోలేదు కాబోలు.