దొరగారి ‘వద్దు’

కుడిచేతిని ఆయన మెడ కిందికి, ఎడమచేతిని మోకాళ్ల కిందికి పోనిచ్చి, ఆమె ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది.

“లేద్దామా దొరగారూ?”

ఆయన కళ్లు పైకప్పు వైపు లేచాయి. అంటే సరే. ఆమె నడుము కలుక్కుమన్నా పట్టించుకోకుండా ఆయన్ని లేపి, మంచం పట్టెకి ఆనించిన చక్రాల కుర్చీలో కూర్చోబెట్టింది. ఈ పనికి ఇద్దరుండాలని, ఆమెను ఈ ఇంటికి పంపిన ఏజెన్సీ పుస్తకంలో బొమ్మ వేసి మరీ రాసి ఉంది. ఇరవై రెండేళ్లుగా ఆ బొమ్మలోని రెండో మనిషి ఎవరో ఆమెకు తెలియదు. అడిగినప్పుడల్లా పంపిస్తున్నామనేవారు. పంపకపోగా, నడుంనొప్పి వచ్చిందంటే బరువెత్తే పద్ధతి తప్పని ఆమెకే పాఠం చెప్పేవారు.

దొరగారికి నలభై ఒక్కేళ్లు. పుట్టినప్పటి నుంచే కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి ఉన్నాయి. వేళ్లు లోపలికి ముడుచుకుని ఉంటాయి, మెడ ఎడమవైపుకి వాలిపోతుంది, పెదవి చివర ఎప్పుడూ తడిగా ఉంటుంది. మాట రాదు. ఒంట్లో ఆయన చెప్పినట్టు వినేవి కళ్లు రెండే. ఆ రెంటితోనే ఇల్లంతా నడిపించేవాడు. ఆమె పనిలో చేరిన మొదటి వారం, మూడు చొక్కాలు చూపిస్తే మూడింటికీ కళ్లు గట్టిగా మూసేశాడు. “అబ్బో, తమరు ఏ సంస్థానానికి దొరలండీ?” అంది ఒళ్లు మండి. ఆయన ఒళ్లంతా కుదిపేసుకుంటూ నవ్వాడు. ఆ పేరే ఉండిపోయింది. చివరికి ఆయన చెల్లెలు కూడా, సొంత అన్నయ్యని, దొరగారనే పిలవడం మొదలుపెట్టింది.

ఈరోజు నీలం చొక్కా వద్దన్నాడు. తెల్లది వద్దన్నాడు. గళ్లచొక్కా చూపిస్తే కళ్లు పైకెత్తాడు. “నిన్న వేసుకుందీ ఇదేగా, పెళ్లిచూపులేమైనా ఉన్నాయా?” అంటూ ఒక్కో చెయ్యీ మెల్లగా సాగదీసి తొడిగింది. తొందరపెడితే కండరం బిగుస్తుంది. అది ఆమెకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. ఆయన చెయ్యే చెప్పింది.

ఈ పనిలోకి వచ్చినప్పుడు ఆమెకు ఇరవై ఆరేళ్లు. ఏదో రెండు నెలలు చేద్దామని వచ్చింది. అత్తగారు చుట్టాలకి కోడలు నర్సని చెప్పేది. మొగుడు మాత్రం ఉన్నమాటే అనేవాడు, “ముడ్లు కడిగే ఉద్యోగం” అని. ఆ మాటకి మొదట్లో ఏడ్చేది. తర్వాత ఏడవడం మానేసి, “అవును, నీక్కూడా ముసలితనం వస్తుందిలే” అనడం నేర్చుకుంది. దొరగారి ఇల్లు కాక, సాయంత్రాలు ఇంకో ఏడు ఇళ్లు మారింది, నలుగురు సూపర్‌వైజర్లను చూసింది. ఆఫీసులో అందరూ ఆమెను పాతకాపు అంటారు. గౌరవంగానే అంటారు, కుర్చీ మాత్రం వెయ్యరు.

దొరగారి ఇంట్లో మొదట ఒక నోటుపుస్తకం ఉండేది. అందులో మొదటి పేజీలో ఆమే పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: కళ్లు పైకెత్తితే అవును. గట్టిగా మూసుకుంటే వద్దు. వద్దంటే ఆపాలి. ఎవరు బదులుగా వచ్చినా ముందు ఆ పేజీ చదివించేది. రెండేళ్ల కిందట ఏజెన్సీ పుస్తకాలన్నీ పట్టుకుపోయి ఫోన్లలో పెట్టింది. ఫోనులో దొరగారి పేరు నొక్కితే ‘మాట: లేదు’ అని వస్తుంది. అంతే. పక్కన ‘భోజనం: ఇరవై నిమిషాలు’. ఆయనకి పట్టేది యాభై. మిగతా ముప్ఫై నిమిషాలూ ఆమె తన మధ్యాహ్నపు తీరికలోంచి తీసి ఇచ్చేది. ఆ మూడు వాక్యాలూ ఫోనులో పెట్టమని మూడుసార్లు ఆఫీసుకి వెళ్లింది.

“ఫోనులో అది రాయడానికి గడి లేదమ్మా,” అన్నాడు సూపర్‌వైజర్ మూడుసార్లూ.

గడి లేదట. ఒక మనిషి వద్దనడానికి గడి లేదట! ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది.

పోయిన నెలలో అదే సూపర్‌వైజర్ చిరునవ్వుతో పిలిచాడు. “ఇన్నాళ్లూ మీరు చేసింది పని. ఇకమీదట ఇది కెరీర్. ట్రైనింగుకి వెళ్లండి, సర్టిఫికెట్ తెచ్చుకోండి, సీనియర్ అవుతారు.” సర్టిఫికెట్ లేనివాళ్లను వచ్చే నెల నుంచి దొరగారి లాంటివాళ్ల ఇళ్లకి పంపరని ఆ చిరునవ్వు చివర చేర్చాడు. సీనియర్ అనే మాట ఆమెకు అక్కర్లేదు. దొరగారిని ఇంకెవరి చేతిలోనో పెడతారన్న భయంతోనే ఫారం నింపింది. తరగతి ఒక్కరోజే. ఆ ఒక్కరోజు ఈరోజు.

బదులు వచ్చే పిల్ల పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. పాతికేళ్లు కూడా ఉండవు, చెమటలు కక్కుతోంది. “సారీ అక్కా, బస్సు... నాకు ఇంకా మూడిళ్లున్నాయి,” అంటూనే ఫోను తీసి హాజరు నొక్కడం మొదలుపెట్టింది. అది పడడం లేదు.

ఆమె ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. “ఫోను తర్వాత. ఇటు చూడు. కళ్లు పైకెత్తితే అవును. గట్టిగా మూసుకుంటే వద్దు. వద్దంటే చెంచా ఆపెయ్యాలి. ఏం?”

“సరే అక్కా.” ఒక కన్ను ఇంకా ఫోను మీదే ఉంది.

“దొరగారూ, ఈ పిల్ల ఇవాళ్టికి ఉంటుంది. మీకు సరేనా?”

దొరగారు కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

“సిగ్గుపడుతున్నారా అక్కా?” అని ఆ పిల్ల నవ్వింది. ఆమె కూడా నవ్వింది. కొత్తమొహాలకి ఆయనెప్పుడూ బెట్టు చేస్తాడని తనకి తాను చెప్పుకుంది. “ఒక్కరోజేగా. సాయంత్రానికల్లా మీ ముందుంటాను,” అంది. ఆయన కళ్లు తెరిచి ఆమెను చూశాడు. మళ్లీ గట్టిగా మూసుకున్నాడు. గోడగడియారంలో పావుతక్కువ తొమ్మిదయింది. ఆలస్యమైతే తలుపు వేసేస్తామని కాగితంలో రాశారు. ఆమె ఆయన గడ్డం తుడిచి, సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది.

ట్రైనింగు హాల్లో చల్లగా ఉంది. గుమ్మం దగ్గర బుట్టలో ఫోన్లు పెట్టించుకున్నారు. నేర్పేవాడు ఇస్త్రీ చొక్కా కుర్రాడు. ఈ రంగంలో ఆరునెలల అనుభవం ఉందని తనే గొప్పగా చెప్పుకున్నాడు. గోడ మీద వెలుగులో బొమ్మలు మారుతున్నాయి. ‘మనిషే కేంద్రం’ అని వచ్చింది. అందరూ రాసుకున్నారు. ‘వినడం ఒక కళ’ అని వచ్చింది. అదీ రాసుకున్నారు. ఆమె పెన్ను మూత తియ్యలేదు.

“మాట రానివారి అభిప్రాయం ఎలా తెలుసుకుంటాం?” అని అడిగాడు కుర్రాడు.

“అడిగి,” అంది ఆమె.

కొందరు నవ్వారు. కుర్రాడూ నవ్వాడు. “మాట రాదు కదమ్మా!”

“మాట రాకపోతే జవాబు రాదని ఎవరన్నారు బాబూ?”

“మంచి పాయింటే. దాని సంగతి చివర్లో చూద్దాం,” అని బొమ్మ మార్చేశాడు. చివర్లో చూడలేదు.

పన్నెండున్నరకి, తినిపించే పద్ధతి చూపించడానికి ఆమెనే ముందుకి పిలిచాడు. పెద్దావిడ కదా, బాగుంటుందన్నాడు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు రెండూ పట్టీలతో బిగించి, నోరు మెదపకూడదన్నాడు. పలుచటి జావ కలిపిన గిన్నె పట్టుకుని మొదటి చెంచా పెట్టాడు. అది మింగేలోగా రెండోది పెట్టాడు. చెంచా పైపళ్లకి గీసుకుంది. మూడోది నాలుక మీద ఉండగానే నాలుగోది పెదవి దగ్గరికి వచ్చింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. అనుకుని చేసింది కాదు, ఇరవై రెండేళ్లుగా చూసి చూసి అలవాటై దానంతటదే వచ్చింది.

“చూశారా,” అన్నాడు కుర్రాడు అందరివైపూ తిరిగి, “ఎంత ప్రశాంతంగా ఆస్వాదిస్తున్నారో!”

చప్పట్లు కొట్టారు. ఐదో చెంచాకి ఆమెకు పొలమారింది. దగ్గు ఆగక కళ్లల్లో నీళ్లు కారిపోతుంటే ఎవరో నెత్తి మీద తట్టారు. ఆ కుర్రాడి చెంప పగలగొట్టాలనిపించింది, కానీ చేతులు కట్టేసి ఉన్నాయి. దొరగారు నలభై ఒక్కేళ్లు ఇలా కూర్చున్నాడు. ఎందరి చెంచాల కింద, ఎన్నిసార్లు! ఆ పూట ఆమె దొరగారిని తలుచుకున్నంతగా తన మొగుడు పోయినప్పుడు మొగుణ్ణి కూడా తలుచుకోలేదు.

నాలుగింటికి సర్టిఫికెట్ చేతిలో పెట్టి, ఫోను తిరిగి ఇచ్చారు. తొమ్మిది కాల్స్. అన్నీ దొరగారి చెల్లెలివే. మెట్ల మీదే నిలబడి ఫోను చేసింది.

“అక్కా, అన్నయ్య లేడు,” అంది చెల్లెలు. గొంతు పెంచలేదు, ఏడవనూ లేదు. “మధ్యాహ్నం భోజనం దగ్గర. ఆస్పత్రికి తెచ్చేలోపే పోయాడు. ఆరింటికి ఇంటికి తెస్తారు. మీరు ముందు వెళ్లండక్కా. ఏ చొక్కా వెయ్యాలో మీకే తెలుసు.”

ఇంటి మెట్ల మీద ఆ పిల్ల ముడుచుకుని కూర్చుని ఉంది. ఆమెను చూడగానే లేచి నిలబడింది.

“నేను నెమ్మదిగానే పెట్టానక్కా. కళ్లు మూసుకున్నారు. బాగుందేమో అనుకున్నా. ఇంకో ఇంటికి టైమైపోతోందని... పన్నెండున్నర దాటాక పొలమారింది. ఎవరో తలుచుకుంటున్నారు మిమ్మల్ని అని నెత్తిన తట్టాను. అక్కే తలుచుకుంటోంది, అన్నాను. ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నారు.”

ఆమె చెయ్యి లేచింది. ఆ పిల్ల కళ్లు మూసుకుని, మొహం పక్కకి తిప్పుకోకుండా, దెబ్బ కోసం నిలబడింది. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. తలుచుకున్న మాట నిజమే. సరిగ్గా ఆ వేళకే తలుచుకుంది. అంతకన్నా నిజం ఇంకొకటుంది. ఆయన ముందు వద్దన్నది ఈ పిల్లతో కాదు. పొద్దున్నే తనతో అన్నాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. లోకంలో ఆ మాట చదవగలిగిన ఒక్క మనిషీ చదివి, నవ్వి, బస్సెక్కింది.

“ఇంటికి వెళ్లు,” అంది.

“నన్ను పనిలోంచి తీసేస్తారా అక్కా?”

“నిన్నేం చెయ్యనివ్వను. వెళ్లు.”

ఆ పిల్ల వీధి మలుపు తిరక్కుండానే సూపర్‌వైజర్ ఫోను చేశాడు. చాలా బాధగా ఉందన్నాడు. ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది, అదే ఆమెను ఇంకా మండించింది. “రిపోర్టు మీరు రాస్తేనే బాగుంటుందమ్మా, సీనియర్ కదా ఇప్పుడు. భోజనం చేస్తూ ప్రశాంతంగా పోయారని రాద్దాం.”

“ప్రశాంతంగా పోలేదు. వద్దు వద్దంటూ పోయాడు. మొదట నాతో అన్నాడు, నేను వినలేదు. తర్వాత ఆ పిల్లతో అన్నాడు, దానికి మీరు నేర్పలేదు. రెండేళ్లుగా మీతో నేనన్నాను. ఈ మూడూ రాస్తాను. నా పేరు పైనుంటుంది, మీ పేరు కిందుంటుంది.”

“మీరిప్పుడు ఆవేశంలో ఉన్నారు. రేపు మాట్లాడదాం...”

“రేపు మీకు కాగితమే మాట్లాడుతుంది,” అని పెట్టేసింది.

లోపలికి వెళ్లి, పొద్దున వేసినలాంటిదే ఇంకో గళ్లచొక్కా తీసి మంచం మీద పరిచింది. ఎవరినీ అడగాల్సిన పని లేకుండా తీయడం ఇదే మొదటిసారి. దాహమేసి వంటింట్లోకి వెళ్లింది. గట్టు మీద, కుళాయి పక్కన, ఆయన గిన్నె ఉంది. పొద్దున ఆమె మధ్యాహ్నానికని ఆ గిన్నె నిండా జావ పోసి, మూతపెట్టి వెళ్లింది. ఇరవై రెండేళ్లలో ఒక్కపూట కూడా దొరగారు గిన్నె ఖాళీ చెయ్యలేదు. ఆకలేసినా, ఇష్టమైనదైనా, చివరి రెండు చెంచాల దగ్గర కళ్లు గట్టిగా మూసేవాడు. ఈ ఒంట్లో ఇంకా నా మాట చెల్లుతుందని ఆమెకు చూపించుకోవడానికే మూసేవాడు. ఆమె ఆ రెండు చెంచాలూ అలాగే వదిలేసేది.

గిన్నె అడుగున ఏమీ లేదు, అంచులదాకా చెంచాతో గీకిన గీతలు తప్ప.