సందువైపు కిటికీ

కండె నిండింది. కుప్పమ్మ బొటనవేలితో దారాన్ని ఆపి తెంపి, నిండిన కండెను బుట్టలో పడేసి ఖాళీది గుచ్చింది. ఈ పనికి ఆమెకు కళ్లతో అవసరం లేదు. షెడ్డులో ఆరు మరమగ్గాలు ఒక్కసారే కొట్టుకుంటుంటే నేల సన్నగా అదురుతోంది. ఆ అదురు అరికాళ్లలోంచి మోకాళ్ల దాకా ఎక్కడం, సాయంత్రం ఇల్లు చేరాక కూడా దిగకపోవడం పదేళ్లుగా ఆమెకు అలవాటే. ఈరోజు మాత్రం ఎడమచెయ్యి సలుపుతోంది. మణికట్టు మీద మూడు గీరలు. సబ్బుతో కడిగి పసుపు అద్దుకుంది గానీ, దారం రాసుకున్నప్పుడల్లా చురుక్కుమంటోంది. గులాబీరంగు నూలుకు ఎక్కడ రక్తం అంటుతుందోనని మాటిమాటికీ చూసుకుంటోంది.

గీరింది ఆమె పెంచుకున్న పిల్లి బొల్లోడే. పొద్దున పాలప్యాకెట్టు కోసం తలుపు తీసేసరికే సందులో మొదలైంది. ఆమె ఇంటికీ నిర్మలమ్మ ఇంటికీ నడుమ మనిషి అడ్డంగా తిరిగితే తప్ప పట్టని సందు అది. గోడమీద బొల్లోడు, కింద నిర్మలమ్మ పెంచే ఎర్రోడు. చెవులు వెనక్కి అణుచుకుని, ఒకదాని మొహంలోకి ఒకటి చూస్తూ, పసిబిడ్డ ఏడ్చినట్టు కింది గొంతుతో సాగదీశాయి. ఆ గొంతులు పైకి పైకి పోయి, ఉన్నట్టుండి రెండూ ఒకే ఉండ అయి సందులో పడున్న రేకులమీద దొర్లాయి. బొచ్చు తుట్టెలు తుట్టెలుగా రాలింది. కుప్పమ్మ చీపురు అడ్డం పెట్టబోయి చెయ్యి పెట్టింది. పోయిన నెలలో కూడా ఇట్లాగే గీరించుకుని పెద్దాసుపత్రిలో సూదులు వేయించుకుంది.

కుప్పమ్మకు యాభై రెండేళ్లు. సన్నటి మనిషి. వెంట్రుకల్లో ఎప్పుడూ దూది నలుసులు ఉంటాయి. సత్యవేడు దగ్గర వేరుశనగ పండించే ఇంట్లో పుట్టి, పద్దెనిమిదో ఏట నగరిలో చేనేత మునిచంద్రకు భార్యగా వచ్చింది. పడుగేదో పేకేదో తెలియని పిల్ల. మామగారు విసుక్కునేవాడు. పక్కింటి నిర్మలమ్మ భర్త కుప్పుస్వామి మాత్రం తన మగ్గం ఆపుకుని వచ్చి, పోగు తెగిన చోటు వేలితో చూపించి, మళ్లీ మళ్లీ చెప్పేవాడు. పదకొండేళ్ల కిందట మునిచంద్ర కామెర్లతో పోయాడు. మగ్గం గుంట పూడ్చి పైన సిమెంటు వేయించుకుని, ఆమె ఆదికేశవులు షెడ్డులో కండెలు చుట్టడానికి కుదిరింది. కూతురు పూజిత తడ దగ్గర కంపెనీలో పని చేస్తూ హాస్టల్లో ఉంటుంది. ఆదివారాలు ఫోన్ చేస్తుంది. మిగతా ఆరు రోజులూ కుప్పమ్మ మాట్లాడేది బొల్లోడితోనే.

పదిన్నరకు షెడ్డు గుమ్మంలో నిర్మలమ్మ కనిపించింది.

కుప్పమ్మ చెయ్యి ఆగిపోయింది. ఏడు నెలలుగా ఆ మనిషితో మాటల్లేవు. రేకులమీద పిల్లులు కొట్లాడుతుంటే తట్టుకోలేక నిర్మలమ్మ ఒకరోజు వేణ్ణీళ్లు విసిరింది. బొల్లోడి వీపున అరచేతంత బొచ్చు ఊడిపోయింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని కుప్పమ్మ వీధిలో నిలబడి, "బిడ్డను కనుంటే తెలిసేది నీకు" అంది. అనకూడని మాట. అన్న క్షణంలోనే ఆ సంగతి ఆమెకు తెలుసు. మాట వెనక్కి రాదు.

నిర్మలమ్మ లోపలికి రాలేదు. చెయ్యూపి బయటికి పిలిచింది. గోడవార నీడలో ఇద్దరూ నిలబడ్డారు. నిర్మలమ్మ కళ్లకింద నల్లగా దిగింది. రవిక గుండీ ఒకటి తప్పు కాజాలో ఉంది.

"నీతో జగడానికి రాలేదు కుప్పమ్మా," అంది. "ఆయనకు నిద్ర లేదు. రేత్రీ పగలూ ఈ పిల్లులు ఆయన మంచం పక్కన సందు కిటికీకాడే ఏడస్తా ఉండాయి. పిల్లి ఏడిస్తే ఏమంటారో నీకూ తెలుసు కదా. నా గుండె కొట్టుకుంటా ఉండాది. మావోణ్ణి యాడన్నా వదిలేయమంటే వదిలేస్తాను. నీది కూడా..." మిగతాది మింగేసింది.

"ఎట్లుండాడు అన్న?"

"దగ్గు తగ్గలేదు. చిక్కిపోయినాడు. అయినా తిండికి మాత్రం లోటు లేదు తల్లీ. పెట్టింది పెట్టినట్టు తింటాడు. తట్టలో మెతుకు మిగల్చడు. అదొక్కటే నాకు ధైర్యం."

చివరిమాట చెప్పేటప్పుడు ఆ మొహం ఒక్క క్షణం తేరుకుంది. కుప్పమ్మ ఏదో అనాలనుకుంది. ఏడు నెలల కిందటి మాటకు క్షమించమని అడగాలనుకుంది. "మధ్యానం వచ్చి సూస్తాను వదినా" అని మాత్రం అంది.

ఆమె అప్పటికే ఒకసారి పశువుల ఆస్పత్రికి పోయి అడిగి వచ్చింది. అక్కడి కాంపౌండరు ఓపికగా విన్నాడు. మగపిల్లులు హద్దు కోసం కొట్లాడతాయనీ, తిరుపతికి తీసుకుపోయి ఆపరేషన్ చేయిస్తే తగ్గుతుందనీ చెప్పి, "ఊరికే ఒగేచోట కొట్లాడవమ్మా. ఆడ తిండన్నా ఉండాల, ఆడపిల్లి అన్నా ఉండాల. ముందు అదేందో కనుక్కో" అన్నాడు. ఆ సందులో తిండెక్కడిదని ఆమె అప్పుడు కొట్టిపారేసింది.

ఒంటిగంటకు షెడ్డులోంచి రెండు గోనెపట్టలు, ఇంత పురికొస అడిగి తీసుకుని బయల్దేరింది. గోడమీద అడ్డం కడితే ఒకదానికొకటి కనిపించవు, కొంతన్నా తగ్గుతుందని ఆశ. ఎండ నెత్తిన మండుతోంది. బొల్లోడు అప్పటికే గోడమీద ఉన్నాడు. కిటికీ కింద ఎర్రోడు. రెండూ తోకలు కొడుతూ ఒకే వైపు చూస్తున్నాయి. కుప్పమ్మ పక్కకు తిరిగి, వీపు గోడకు రాసుకుంటూ సందులోకి నడిచింది.

అప్పుడు కిటికీ ఊచల మధ్యనుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. ఎండిన చెయ్యి. నరాలు పైకి తేలి ఉన్నాయి. ఏళ్ల తరబడి పోగులు లాగిన చూపుడువేలికి పక్కన కాయ కాసి ఉంది. ఆ చెయ్యి పప్పు కలిపిన అన్నం ముద్దను కిటికీ గట్టుమీద పెట్టింది. లోపలికి పోయి ఇంకో ముద్దతో వచ్చింది. గోడమీద బొల్లోడు కింది గొంతుతో మొదలుపెట్టాడు.

"అన్నా," అంది కుప్పమ్మ.

చెయ్యి ఆగింది.

"ఎవురు?"

"నేనే. కుప్పమ్మను."

ఆమె కిటికీ దగ్గరికి జరిగింది. మంచంమీద గోడకు చేరగిలబడి, ఒళ్లో స్టీలు తట్టతో కుప్పుస్వామి కూర్చుని ఉన్నాడు. చొక్కా లోపల మనిషి లేనట్టుంది. గూళ్లలోంచి కళ్లు మాత్రం ఆమెను చూశాయి. వంటింట్లో గిన్నెల చప్పుడు విని ఆయన గొంతు తగ్గించాడు.

"సూసినావా?"

"ఎన్నాళ్ల నుంచి అన్నా ఇది?"

"వానలప్పటి నుంచి." దగ్గు వస్తే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "దిగదు మే. రెండు ముద్దలు పోతే మూడోది పైకొస్తాది. తట్టలో మిగిలితే మీ వదిన ఏడస్తాది. నా ముందర ఏడవదు. పొయ్యికాడ కూర్చోని ఏడస్తాది. నాకు ఇనపడదనుకుంటాది."

"ఈ అన్నం కోసరమే కదా పిల్లులు ఈడ కొట్లాడేది. నీకే కదా నిద్ర లేకుండా పోతా ఉండేది."

"తెలుసు." ఆయన తట్టవైపు చూశాడు. "తట్ట ఖాళీగా ఉంటే దాని మొగం సూడల్ల నువ్వు. దానికోసరం నిద్ర పోతే పోనీ అనుకున్నాను." తట్ట పక్కన పెట్టి, "నీ పిల్లి ఈపు కాలిందీ నా వల్లే. నువ్వు దాన్ని ఆ మాట అనిందీ నా వల్లే. నోరు తెరిచి సెప్పలేకపోయినాను" అన్నాడు.

కుప్పమ్మకు కోపం రావలసింది. రాలేదు. గట్టుమీది ముద్దలు తీసి గోనెపట్టలో వేసుకుంది.

"ఇంక ఈడ పెట్టొద్దు అన్నా. తినలేనిది తీసి పెట్టు, నేనొచ్చి తీసుకుపోతాను. మీవోడికి వీధి గడపకాడ, మావోడికి మా పెరట్లో పెడతాను. ఒగదాన్నొకటి సూసుకోకుండా తింటాయి."

"దానికి సెప్తావా?"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

"సెప్పను," అంది కుప్పమ్మ. "అయితే నువ్వు ఆస్పత్రికి పోవల్ల."

"పోతాను. ఆయితవారం పోతాను" అన్నాడు. చిన్నపిల్లవాడు బడికి పోతానన్నట్టు, తలదించుకుని.

ఆమె గోనెపట్టలు గోడమీద కట్టింది. చెప్పినట్టే ఎర్రోడికి వీధివైపు, బొల్లోడికి పెరట్లో పెట్టింది. రెండూ చప్పుడు చెయ్యకుండా తిన్నాయి. వీధి గడప దగ్గర నిర్మలమ్మ తట్ట కడుగుతూ కనిపించి, "సూసినావా, ఈ పూట కూడా తుడిసినట్టు తిన్నాడు" అంది. కుప్పమ్మ తలూపింది. అది తలూపడమో అబద్ధమో ఆమెకే తెలియలేదు.

షెడ్డుకు తిరిగి వచ్చాక చెయ్యి సాగలేదు. దారం రెండుసార్లు తెగింది. సెప్పను అని ఎందుకు అన్నాను అనుకుంది. మునిచంద్రకు కళ్లు పచ్చబడినప్పుడు కూడా ఇట్లాగే జరిగింది. అతను ఒట్టు వేయించుకున్నాడు, అమ్మకు చెప్పొద్దని. ఆమె చెప్పలేదు. పదిరోజులు పసరు మందు తాగించి, పదకొండోరోజు ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆలస్యం చేశారు అని డాక్టరు ఆమె వైపు చూసి అన్నాడు. ఆ చూపు పదకొండేళ్లుగా ఆమె లోపల ఉంది. మగవాళ్లు ఒట్లు వేయించుకుంటారు, ఆడవాళ్లు వాటిని మోస్తారు. నిర్మలమ్మకు తెలియాలి. తెలిస్తే ఏడుస్తుంది, ఏడిస్తే ఏడవనీ. ఆటో మాట్లాడి ఈరోజే తీసుకుపోవాలి.

నాలుగున్నరకు ఆదికేశవులు దగ్గరికి పోయి, ఇంటికి పోవాలని సైగ చేసింది. ఆయన గడియారం చూపించాడు. ఆమె చెవి దగ్గరికి వంగి, "పోయే తీరల్ల నాయనా" అంది. ఎన్నడూ అడగని మనిషి. ఆయన సరేనన్నాడు.

దారి పొడవునా మాటలు కూర్చుకుంది. వదినా, నేను ఆ రోజు అన్నది తప్పు. ఇంకొకటి కూడా ఉండాది, కూర్చో. అన్న మొదట కోప్పడతాడు, పడనీ. వీధి మలుపు తిరిగేసరికి నిర్మలమ్మ ఇంటిముందు చెప్పులు కనిపించాయి. పది జతలకు పైనే ఉన్నాయి. ఎవరో బెంచీ ఒకటి వీధిలోకి తెచ్చి వేస్తున్నారు.

ఆమె చెప్పులు విప్పి లోపలికి పోయింది. కుప్పుస్వామిని అప్పటికే కింద చాపమీద పడుకోబెట్టారు. మొహం ప్రశాంతంగా ఉందనలేం. అలసిపోయి నిద్రపట్టిన మనిషిలాగా నోరు కొంచెం తెరుచుకుని ఉంది. తల దగ్గర నిర్మలమ్మ కూర్చుని, వచ్చిన ప్రతివారికీ మొదటినుంచీ చెబుతోంది.

"ఈ మధ్యానం పిల్లుల గోల లేదు. బాగా నిద్ర పోయినాడు. లేసి టిఫిన్ అడిగినాడు. ఆయనే అడిగినాడు. నాలుగు ఇడ్లీలు పెట్టినాను, నాలుగూ తిన్నాడు. నీళ్లు తాగి పడుకున్నాడు. మళ్లా కాఫీ ఇచ్చేదానికి పోయి పిలిస్తే..." కుప్పమ్మను చూసి ఆగింది. చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకుంది. గీరలు అవుపించి, "మళ్లా రక్కినాయా" అంది. "ఆకలితో పోలేదు మే మీ అన్న. కడుపునిండా తిని పోయినాడు. అంతే చాలు నాకు."

దారిలో కూర్చుకున్న మాటల్లో ఒక్కటి కూడా కుప్పమ్మ నోటికి రాలేదు. "అవును వదినా," అంది. "తిన్నాడు."

నిర్మలమ్మ ఆ చెయ్యి వదల్లేదు. ఏడు నెలలుగా అడగాల్సిన క్షమాపణ కుప్పమ్మ కన్నీళ్లలో కలిసిపోయింది. నిర్మలమ్మకు అర్థమైందో లేదో తెలియదు. ఆమె కుప్పమ్మ తలమీది దూది నలుసు ఒకటి తీసి పక్కన పెట్టింది.

"ఆ కిటికీ మూసేయండమ్మా ఎవరన్నా. పిల్లి లోపలికొస్తే మంచిది కాదు" అంది ఒక ముసలామె.

కుప్పమ్మ లేచింది. ఖాళీ మంచం ఎక్కి, మోకాళ్లమీద కిటికీ దగ్గరికి జరిగింది. సందులో ఏ చప్పుడూ లేదు. రెక్క లాగబోయి ఆగింది. గట్టుమీద ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి, చిరిగిన క్యాలెండరు కాగితంలో చుట్టిన రెండు చిన్న పొట్లాలు ఉన్నాయి. ఒకటి విప్పి చూసింది. రెండు ఇడ్లీలు. ఇంకొకటి విప్పింది. రెండు. అంచు కూడా తుంచకుండా, గుండ్రంగా, ఇంకా మెత్తగా ఉన్నాయి.