బఠాణీ గింజలతో కొలిచిన తలుపు

పదిహేనో కుర్చీ విప్పేసరికి ఎల్బర్ట్ స్ట్రౌడ్‌కు ఊపిరి అందలేదు. ఆ కుర్చీలోనే కూలబడి, ఎవరైనా చూస్తున్నారేమోనని హాలంతా కలియజూశాడు. గోడమీది గడియారం తప్ప ఎవరూ లేరు. అది ఆరున్నర చూపిస్తోంది. అంటే ఏడు కావాలి. హికరీ గ్యాప్ మెథడిస్టు చర్చి గడియారం అరగంట ఆలస్యంగా నడవడం ఆ ఊళ్ళో పాస్టరు ప్రసంగం కంటే పాత సంగతి.

కాసేపటికి లేచి పదహారోది విప్పాడు. ఆయన చేతులు పెద్దవి. కుడిచేతి చూపుడువేలు పై కణుపు లేదు. తలుపుల ఫ్యాక్టరీలో నలభై ఒక్క ఏళ్ళు పనిచేసిన గుర్తుగా రంపం దాన్ని ఉంచేసుకుంది. కుడిచెవి మీద ఎప్పుడూ ఒక బల్లపరుపు పెన్సిలు ఉంటుంది. స్నానం చేసేటప్పుడు కూడా తియ్యడని ఊళ్ళో అంటారు. ఇంకా చాలా అంటారు. ఎనిమిది వందల గడపలున్న ఆ ఊళ్ళో ఆయన బిగించని తలుపు లేదట. అందుకే అక్కడ దొంగలు లేరట. ఏ తలుపు తోసినా అది ఎల్బర్ట్ గొంతుతో "ఎవరదీ?" అని కిర్రుమంటుందట.

ఇన్ని తలుపులు పెట్టిన మనిషి ఇంట్లో, వంటింటి పక్క సామాన్ల గదికి మాత్రం ఇరవై ఏళ్ళు పూలగుడ్డ వేలాడింది. "ఈ వేసవిలో పెట్టేస్తా, వెల్డా" అని ప్రతి వేసవీ భార్యకు చెప్పాడు. దానికోసం మంచి వాల్‌నట్ చెక్కలు కొని షెడ్డులో ఆరబెట్టాడు. చెక్కలు ఆరాయి. వెల్డా పోయింది. గుడ్డ ఇంకా వేలాడుతోంది.

తొమ్మిదింటికి జనం వచ్చారు. కిందటి ఆగస్టులో లూయిజియానా తీరాన్ని తుఫాను ఊడ్చేసింది. ఆ గాలి ఒకాయన పడవను ఎత్తి చర్చి కప్పుమీద పెట్టిందనీ, ఆయన మూడు రోజులు అక్కడే కూర్చుని గాలం వేస్తే చేపలు పడ్డాయనీ పోయినసారి వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు. అక్టోబరులో వీళ్ళు పన్నెండు మంది వెళ్ళి ఇళ్ళలో బురద ఎత్తి, తడిసిన గోడలు పీకి కొత్తవి వేసి వచ్చారు. ఇప్పుడు మార్చిలో రెండో విడత. బుధవారం ప్రయాణం.

ప్రయాణం పెత్తనమంతా లొరీన్ క్రబ్‌ది. వెల్డా చెల్లెలు ఆమె. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆమె హాల్లో చప్పట్లు కొడితే పక్క కౌంటీలో కుక్కలు కూర్చుంటాయి. ఊరి పొలిమేర దాటితే కడుపులో తిప్పుతుంది కాబట్టి తను మాత్రం ఎక్కడికీ వెళ్ళదు. మిగతా అందరినీ పంపిస్తుంది.

జనం తెచ్చిన సాయం బల్లమీద గుట్టగా పడింది. అందులో ముప్పావు వంతు ఉన్ని కోట్లే.

"అక్కడ మార్చిలో దోమలకే చెమటలు పడతాయి," అంది లొరీన్. "ఈ కోట్లు ఎవరికమ్మా? దోమలకా?"

అందరూ నవ్వారు. ఎల్బర్ట్ కూడా నవ్వి, కోట్లు ఒక్కొక్కటే మడతపెట్టసాగాడు. లొరీన్ కాగితాల బొత్తి పట్టుకుని ఆయన పక్కకు వచ్చింది.

"బావా, కాగితం."

"ఏ కాగితం?"

"డాక్టరు సంతకం పెట్టిన కాగితం. డెబ్భై దాటినోళ్ళంతా ఇవ్వాలని మూడు ఆదివారాల నుంచి గొంతు చించుకుంటున్నా."

"నాకింకా రాలేదుగా డెబ్భై."

"మా అక్కకంటే రెండేళ్ళు పెద్దోడివి నువ్వు. అక్క ఉంటే ఈపాటికి అరవై తొమ్మిది. నా దగ్గరా నీ లెక్కలు?"

ఎల్బర్ట్ చొక్కా జేబుమీద చెయ్యి వేసుకున్నాడు. కాగితం అక్కడే ఉంది. తియ్యలేదు.

"డాక్టరు ఊళ్ళో లేడు," అన్నాడు.

"నిన్న కొట్లో ఉల్లిపాయలు ఏరుకుంటుంటే చూశాను."

లొరీన్ గొంతు తగ్గించింది.

"పొద్దున కుర్చీలు వేస్తూ మధ్యలో ఎన్నిసార్లు కూర్చున్నావు?"

"ఒక్కసారి."

"చర్చి వంటింటి కిటికీలోంచి చూశాను బావా. నాలుగుసార్లు." పెన్ను తీసి జాబితాలో ఒక పేరుమీద గీత గీసింది. "నీ పేరు కొట్టేశాను. కోపం తెచ్చుకో, తిట్టు, నీ ఇష్టం. అక్క నా చేతుల్లో పోయింది. ఇప్పుడు నీ సంగతి ఊరుగాని ఊళ్ళోంచి, ఫోన్లో, ఎవరో చెప్తే వినాలా నేను?"

"నేను పోకపోతే ఆ తలుపు పట్టదు, లొరీన్."

"పట్టకపోతే పట్టదు."

"ఆవిడకి మాటిచ్చాను."

"మా అక్కకీ ఇచ్చావు మాట. ఇరవై ఏళ్ళు." అనేసి, ఎందుకన్నానా అన్నట్టు పెదవి కొరుక్కుంది. ఎల్బర్ట్ మడతపెడుతున్న కోటుకు బొత్తాలన్నీ పెట్టాడు. పెట్టినవి మళ్ళీ విప్పాడు.

ఆవిడ అంటే ఒలీడియా గిడ్రీ. ఎనభై నాలుగేళ్ళ మనిషి. అక్టోబరులో ఆవిడ ఇంటికి గోడలు వేశారు గానీ వీధి తలుపు వెయ్యడానికి టైము చాలలేదు. ద్వారబంధం నీళ్ళు తాగి ఉబ్బి ఉంది. అలాంటి దానికి తలుపు చేస్తే ఆరాక వదులైపోతుందని ఎల్బర్ట్‌కు తెలుసు. బంధం ఆరాక వచ్చి పెడతానన్నాడు. ఆవిడ గుమ్మానికి దుప్పటి కట్టుకుంది. అది చూసినప్పుడే ఎల్బర్ట్‌కు షెడ్డులోని వాల్‌నట్ చెక్కలు గుర్తొచ్చాయి. శీతాకాలమంతా చర్చి గరాజులో ఆ తలుపు చేశాడు. కొంచెం వెడల్పు ఎక్కువే ఉంచాడు. అక్కడికి వెళ్ళి, బంధాన్ని చూసి, కావలసినంత చిత్రిక పడదామని.

ఇప్పుడు వెళ్ళేది లేదు. చర్చి వంటింట్లోకి వెళ్ళి గోడ ఫోను తీశాడు.

"ఎవరూ?" అంది ఒలీడియా.

"తలుపులాయన్నండీ. ఆర్కన్సా నుంచి."

"హమ్మయ్య, బతికే ఉన్నావా నాయనా. బుధవారం వస్తున్నారటగా. రొయ్యలు తెప్పిస్తున్నా."

వస్తున్నానో లేదో ఆయన చెప్పలేదు. "గుమ్మం వెడల్పు ఎంతుందో కొలిచి చెప్తారా అమ్మా? అటుచివర నుంచి ఇటుచివరకి."

"టేపు నీళ్ళలో పోయింది. ఉండు." ఫోను బల్లమీద పెట్టిన చప్పుడు. కుర్చీ జరిపిన చప్పుడు. చాలాసేపటికి మళ్ళీ గొంతు. "జపమాలతో కొలిచా. ముడి విప్పి, తాడుని ఈ చివర్నుంచి ఆ చివర్దాకా పరిచి, ఒకసారి వేసి, ఆ పైన ఇరవై రెండు పూసలు."

"మా మెథడిస్టులు జపమాల తిప్పరమ్మా, ఆ కొలబద్ద మా దగ్గర ఉండదు."

ఆవిడ కిలకిలా నవ్వింది. "నేర్చుకోండి మరి. ఒక్కో పూస ఎండు బఠాణీ అంత ఉంటుంది. శిలువ కలపకుండా యాభై తొమ్మిది. ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి, మా ఆయన గట్టిగా గుచ్చించాడు."

"దుప్పటి బాగానే ఉందా?"

"దుప్పటికేం, రాజాలా ఉంది. గాలొస్తే ఊగుతుంది. పక్కింటి కుక్క వస్తుంది, పోస్టాయన వస్తాడు, అందరూ ఎత్తుకుని తిన్నగా వచ్చేస్తారు. మంచోళ్ళేలే. కానీ నాయనా, తలుపు కొట్టిన చప్పుడు విని ఏడు నెలలైంది. మా ఆయన పోయాక కూడా ఎవరైనా తడితే, ఒక్క క్షణం ఆయనే అనుకునేదాన్ని. దుప్పటినేం తడతారు?"

"వచ్చేస్తుందమ్మా తలుపు," అన్నాడు ఎల్బర్ట్.

ఫోను పెట్టేసి, అరలోంచి ఎండు బఠాణీల సంచి తీసుకుని గరాజులోకి వెళ్ళాడు. వెనకాలే మెర్ల్ హాగెట్‌ను పిలిచాడు. మెర్ల్ బీమా కాగితాలు రాసే మనిషి. పాలమీగడలాంటి చేతులు. ఆయన మేకు కొడితే మేకు తప్ప అన్నిటికీ దెబ్బ తగులుతుంది. కానీ చెప్పింది వింటాడు. జట్టులో అలా వినేవాడు ఆయనొక్కడే.

తలుపును బల్లమీద పడుకోబెట్టారు. ఎల్బర్ట్ వంగి, చెక్కమీద అంచునుంచి అడ్డంగా, ఒకదానికొకటి ఆనించి బఠాణీ గింజలు పేర్చడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావు ఎల్బర్టూ?" అన్నాడు మెర్ల్.

"జపం."

ఎనభై ఒక్క గింజలు. వేలు తెగిన చెయ్యి తగిలి రెండుసార్లు వరుస చెదిరింది. రెండుసార్లూ మొదటినుంచి పేర్చాడు. మెర్ల్ సాయం చెయ్యబోతే వద్దన్నాడు. చివరి గింజ దగ్గర టేపు పెట్టి చూశాడు. అక్టోబరు కొలతకంటే వేలి మందం తేడా ఉంది. తలుపు ఒరుసుకోకుండా తిరగడానికి నూలుపోగంత వదిలి, చెవి మీది పెన్సిలు తీసి, తలుపు అంచు పొడవునా గీత గీశాడు. వెంట్రుకంత గీత. పైనుంచి కిందికి ఒక్క ఊపులో.

చిత్రిక మెర్ల్ చేతికిచ్చాడు.

"బరువు వెయ్యకు. దాన్నే నడవనీ. ఆ... పొట్టు రిబ్బనులా రావాలి. ముక్కలుగా వస్తోందంటే నువ్వు కోపంగా ఉన్నావని."

"నాకేం కోపం లేదు."

"చెక్కకి తెలీదుగా."

కాసేపటికి పొట్టు రిబ్బనులా వచ్చింది. మెర్ల్ చిన్నపిల్లాడిలా దాన్ని ఎత్తి వెలుగులో చూసుకున్నాడు.

"ఇక్కడ సగమే తియ్యి. మిగతాది అక్కడ, బంధంలో పెట్టి చూసి, మళ్ళీ తియ్యి. గీతదాకా వెళ్ళు మెర్లూ. గీతని మాత్రం తినకు. గీత మిగలాలి. కొత్తోళ్ళందరూ చేసే తప్పు అదే, గీత కనబడకుండా పోతే పనైపోయిందనుకుంటారు."

"నువ్వూ వస్తే బాగుండేది."

"బఠాణీల కొలతని నమ్మలేం," అన్నాడు ఎల్బర్ట్. "నేను లేకపోతే అది పట్టదు." బెదిరింపులా అనలేదు. వాన వచ్చేలా ఉందన్నట్టు అన్నాడు.

మధ్యాహ్నం బీన్సు, మొక్కజొన్న రొట్టె తిని అందరూ వెళ్ళిపోయారు. ఎల్బర్ట్ కుర్చీలు మడిచి గోడకు చేర్చాడు. మధ్యలో ఎన్నిసార్లు కూర్చున్నాడో ఈసారి లెక్కపెట్టినవాళ్ళు లేరు.

మూడింటికి లొరీన్ బీన్సు తెచ్చిన తన గాజు గిన్నె మర్చిపోయానని తిరిగి వచ్చింది. గిన్నె అడుగున టేపుమీద ఆమె పేరు రాసి ఉంటుంది. కానీ ఆమె వచ్చింది గిన్నెకోసం కాదు. అక్క మాట అన్నందుకు ఏదో ఒకటి చెప్పిపోదామని వచ్చింది. క్షమించమని అడగడం ఆమెకు చేతకాదు. అందుకే దారంతా తిట్లలాంటి మాటలు కూడబలుక్కుంటూ వచ్చింది.

గరాజులో తలుపు పక్కన, విప్పిన ఒక్క కుర్చీలో ఎల్బర్ట్ కూర్చుని ఉన్నాడు. గడ్డం రొమ్ముమీద ఆనింది. ఒళ్ళో చెక్కపొట్టు.

"ఇంటికెళ్ళి పడుకో బావా," అంది. "ఇక్కడ మెడ పట్టేస్తుంది."

తరవాత దగ్గరికి వెళ్ళి చెయ్యి ముట్టుకుంది. తరవాత ఇంకో కుర్చీ విప్పుకుని ఆయన పక్కన కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

చొక్కా జేబులో కాగితం కొస కనిపిస్తోంది. తీసి చూసింది. అన్నీ పెన్సిలుతో పొందిగ్గా నింపాడు. పేరు. ఊరు. చేతనైన పని: తలుపులు. డాక్టరు సంతకం చోటు ఖాళీ. దానికింద, ఏదైనా జరిగితే ఎవరికి తెలియజెయ్యాలి అన్నచోట రాసి ఉంది: లొరీన్ క్రబ్. మెల్లగా చెప్పండి.

మెల్లగా చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు.

మంగళవారం ఆయన్ను వెల్డా పక్కన పెట్టారు. ఆ మట్టి తవ్వేటప్పుడు పార ఒక్క రాయికి కూడా తగల్లేదనీ, ఆర్కన్సా కొండల్లో అలా ఇంతకుముందు ఎన్నడూ జరగలేదనీ తవ్వినవాళ్ళు ఈనాటికీ చెబుతారు. బుధవారం వ్యాను బయల్దేరింది. జాబితాలో కొట్టేసిన పేరు పక్కన లొరీన్ తన పేరు రాసుకుంది. పది గంటల దారిలో ఏడుచోట్ల వ్యాను ఆపించి వాంతి చేసుకుంది. వెనక్కి పంపుతామంటే ఒప్పుకోలేదు.

ఒలీడియా గుమ్మంలో దుప్పటి ఎత్తి పట్టుకుని నిలబడి, దిగినవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసింది. చివరి మనిషి దిగి వ్యాను తలుపు వేశాక కూడా ఇంకా చూస్తూనే ఉంది.

"తలుపులాయన ఏడీ?"

పాస్టరు గొంతు సవరించుకున్నాడు. లొరీన్ ఆయన్ను పక్కకు జరిపి ముసలావిడ దగ్గరికి వెళ్ళింది. రెండు చేతులూ పట్టుకుని మెల్లగా చెప్పింది.

మర్నాడు మెర్ల్ తలుపును బంధంలో పెట్టి చూశాడు. తీశాడు. చిత్రిక పట్టాడు. మళ్ళీ పెట్టాడు. మధ్యాహ్నమంతా అదే పని. ఎవరేమన్నా వినలేదు. పొట్టు రిబ్బనులుగా రాలి కాళ్ళచుట్టూ పేరుకుంది. గీత దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. మడతబందులు బిగించి, ఒక్క వేలితో తోశాడు. తలుపు ఊపిరి వదిలినంత చప్పుడుతో వెళ్ళి బంధంలో కూర్చుంది. పైన, కింద, పక్కన, ఎక్కడ చూసినా నూలుపోగు దూరేంత సందు. ఒకే సందు.

ఆయన లేకపోయినా పట్టింది. లొరీన్ తట్టుకోలేకపోయింది దాన్నే. పట్టకపోయి ఉంటే, ఆయనమీద కోపం తెచ్చుకోవడానికైనా ఉండేది.

ఒలీడియా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. బయట పన్నెండు మంది నిలబడిపోయారు. చివరికి లొరీన్ మెట్టెక్కి, వేళ్ళు ముడిచి, మూడుసార్లు తట్టింది.

లోపల అడుగులు తలుపుదాకా వచ్చి ఆగాయి.

"ఎవరూ?"

"ఎల్బర్ట్ మరదల్నమ్మా."

గడియ తీసిన చప్పుడైంది. వాల్‌నట్ తలుపు లోపలికి తిరిగింది. దాని అంచు పొడవునా పైనుంచి కిందిదాకా, చిత్రిక తాకని చోట, వెంట్రుకంత పెన్సిలు గీత ఇంకా ఉంది.